మక్క కంకికి ఎన్ని మాత్రలు? పత్రికల్లో బాలగేయాల అచ్చు సంగతి

హనుమకొండ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ మండలానికి పోయినా బాలగేయాలు రాసే సారో, టీచరమ్మో ఒకరైనా ఉంటారు. పంద్రాగస్టుకు పిల్లలతో పాడించడానికి రాస్తారు, బాలల దినోత్సవానికి రాస్తారు, హెడ్మాస్టరు రిటైర్మెంటు సభకూ రాస్తారు. బడిలో చప్పట్లు పడతాయి. అదే గేయాన్ని పత్రికకు పంపితే మాత్రం చాలాసార్లు ఉలుకూ పలుకూ ఉండదు. ‘వేసుకోవడం లేదు’ అనే మాట కూడా రాదు.

దీనికి రాసేవాళ్లు సాధారణంగా రెండు కారణాలు చెప్పుకుంటారు. పత్రికల వాళ్లకు జిల్లాల రచయితలు ఆనరన్నది ఒకటి, ప్రాస కవిత్వానికి కాలం చెల్లిందన్నది ఇంకొకటి. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే అచ్చుకాని గేయాలు ఒక పది తీసుకుని వరసగా పైకి చదివితే మూడో కారణం చెవికి తగులుతుంది. పంక్తి చివర ప్రాస ఉంటుంది, పంక్తిలో నడక ఉండదు. ఆ నడక ఈ ప్రాంతం వాళ్లకు కొత్తగా నేర్చుకోవలసిన విద్య కూడా కాదు. కాముని పున్నమి రోజుల్లో కోలలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి పాడిన జాజిరి, బతుకమ్మకు ముందు ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మ, వాకిట్లో వేసే కోలాటం, అన్నీ తాళం మీద నడిచేవే. చెవిలో ఉన్న ఆ లెక్కను కాగితం ముందు కూర్చోగానే పక్కన పెట్టేసి, పాఠ్యపుస్తకం భాషలో పంక్తులు పేర్చడం దగ్గర అసలు చిక్కు మొదలవుతోంది.

పంపడానికి జాగ ఎక్కడుంది?

ముందు బజారు సంగతి. పిల్లల కోసం ప్రత్యేకంగా నడిచిన తెలుగు మాసపత్రికల్లో 1945లో మద్రాసు నుంచి మొదలైన ‘బాల’ది ఒక దారి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి దంపతులు నడిపిన ఆ పత్రికలో ఆటపాటలకు, పిల్లలు స్వయంగా రాసినవాటికి పెద్దపీట ఉండేది. 1947 జులైలో వచ్చిన ‘చందమామ’ది కథల దారి. ఆ తర్వాత వచ్చిన మాసపత్రికల్లో ఎక్కువ చందమామ దారినే పట్టాయి. అంటే బాలసాహిత్యానికి మంచిరోజులనుకునే కాలంలో కూడా గేయం కథల మధ్య సందులో ఇరుక్కునే బతికింది. చందమామ ఆగిపోయింది. 2013లో మొదలైన ‘బాలభారతం’ 2021లో మూతపడింది. 2020 కరోనా దెబ్బకు దినపత్రికలు పేజీలు తగ్గించుకున్నప్పుడు ఆదివారం పుస్తకాలు చిక్కిపోయాయి, పిల్లల పేజీలు ఇంకా చిక్కిపోయాయి.

ఇప్పుడు వరంగల్‌లో కూర్చుని గేయం రాసేవాళ్ల ముందున్న దారులు నాలుగైదు రకాలు. దినపత్రికల పిల్లల పేజీలు ఉన్నాయి. ఈనాడు ‘హాయ్ బుజ్జీ’ లాంటివాటిని పిల్లలు రోజూ చూస్తారు కాబట్టి పేరు తొందరగా తెలుస్తుంది. కానీ అక్కడ పజిళ్లు, బొమ్మలు, చిన్న కథ, వింత విశేషాలు పోను మిగిలేది తక్కువ. నమస్తే తెలంగాణ ‘బతుకమ్మ’, నవతెలంగాణ ‘సోపతి’ లాంటి ఆదివారం పుస్తకాలు ప్రాంతం రంగు ఉన్న రచనకు దగ్గరగా ఉంటాయి. జనవిజ్ఞాన వేదిక తెచ్చే ‘చెకుముకి’ సైన్సు పత్రిక. వాన ఎట్లా కురుస్తుందో, చీమ బరువెట్లా మోస్తుందో చెప్పే గేయం అక్కడికి నప్పుతుంది, దేవుడి మీద గేయం నప్పదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ‘బాలచెలిమి’ తెలంగాణ బాలసాహిత్యకారులకు చాలాకాలం చిరునామాగా ఉంది. అనంతపురం జిల్లాలో 2008లో పుట్టిన ‘కొత్తపల్లి’ పిల్లల పత్రికను వెబ్‌లో కూడా నడపవచ్చని చూపించింది. ఆ తర్వాత వెబ్ పత్రికలు ఇంకొన్ని వచ్చాయి. వీటిలో వేటికీ ఒక్కటే గేయం సరిపోదు. ఒకే గేయాన్ని అందరికీ ఒకేసారి మెయిల్ చేసే అలవాటు ఉన్నవాళ్లు కనీసం ఒక నెల సంచికైనా తిరగేసి చూసినట్టు కనిపించదు.

సబ్ ఎడిటర్ బల్ల మీద నుంచి చూస్తే గేయం అంటే ముందు ఒక కొలత. సింగిల్ కాలమ్‌లో ఎనిమిది పంక్తులు, పక్కన బొమ్మ. కాస్త ఉదారంగా ఉంటే పన్నెండు, పదహారు. పంక్తికి మూడు నాలుగు మాటలు దాటితే కాలమ్‌లో పట్టక కిందికి విరుగుతుంది. విరిగితే ప్రాస ఎక్కడుందో కంటికి కనిపించదు, పిల్లవాడు ఆగాల్సిన చోట ఆగడు. ఇరవై నాలుగు పంక్తుల గేయం పంపి ‘అవసరమైతే కుదించుకోగలరు’ అని రాయడం వినయంలాగే ఉంటుంది గానీ ఆ పని ఎవరూ చేయరు. కథలో ఒక పేరా తీసేసినా కథ నిలబడుతుంది. గేయంలో రెండు పంక్తులు తీస్తే జంట పోతుంది. కుదించే ఓపిక ఉన్న సబ్ ఎడిటర్ కూడా దాన్ని పక్కన పెట్టి, సరిగ్గా ఎనిమిది పంక్తులున్న దాన్నే తీసుకుంటాడు.

బతుకమ్మ పాట ఒరవడిలో రాసిన గేయాలకు ఇక్కడే ఇంకో తంటా. పంక్తికోసారి వచ్చే ‘ఉయ్యాలో’ పాడేటప్పుడు ఊపిరి తీసుకోవడానికి, తాళం నిలబెట్టడానికి పనికొస్తుంది. అచ్చులో అది సగం కాలమ్ తినేస్తుంది. పాటను యథాతథంగా కాగితం మీదికి దించకుండా, అందులోని లెక్కను మాత్రమే తెచ్చుకోవడం తెలివైన పని.

లెక్క ఎట్లా తప్పుతుంది

ఒక నమూనా చూద్దాం. మక్క కంకి, అంటే మొక్కజొన్న కండె మీద పత్రికలకు వచ్చే తరహాలో అల్లిన రెండు పంక్తులివి:

మక్క కంకి చూడు ఎంతో పచ్చగా ఉంది
అది పిల్లలందరి నోటికి రుచిగా ఉంది

చూపుకు బాగానే ఉంది. పంక్తులు ఇంచుమించు సమానం, చివర ప్రాస లాంటిది ఒకటి ఉంది. ఇప్పుడు మాత్రలు లెక్కపెడదాం. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలకడానికి పట్టే కాలం. పొట్టి అచ్చుతో ఉన్న అక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘం ఉంటే గురువు, రెండు మాత్రలు. పొట్టి అక్షరమే అయినా పక్కన సున్న ఉన్నా, దాని తర్వాత ఒత్తు అక్షరం వచ్చినా గురువే. ఆ లెక్కన మొదటి పంక్తికి 21 మాత్రలు, రెండో దానికి 20. తేడా ఒక్కటే కదా అనిపిస్తుంది. కానీ మాటల విరుపు చూడండి. మొదటి పంక్తి 3, 3, 3, 4, 5, 3గా విరిగితే రెండోది 2, 7, 4, 4, 3గా విరుగుతోంది. మూడేసి మాత్రల నడకతో హుషారుగా మొదలైన పిల్లవాడు ‘ఎంతో’ దగ్గర తడబడి, ‘పిల్లలందరి’ దగ్గర పూర్తిగా ఆగిపోతాడు. చప్పట్లు కొడుతూ చదవమంటే ఏ చప్పట ఎక్కడ కొట్టాలో తెలియదు. ఇక ప్రాస అనుకున్నది ప్రాసే కాదు. ‘ఉంది’ తర్వాత మళ్లీ ‘ఉంది’ వచ్చింది, అంతే.

అదే సంగతి మూడు మాత్రల నడకలో, అంటే త్రిశ్ర గతిలో:

మక్క కంకి మక్క కంకి
పచ్చ రంగు చీర కట్టె
నిప్పు మీద కాల్చి తింటె
నోటి నిండ తీపి పుట్టె

ప్రతి మాటా మూడు మాత్రలు. పంక్తికి నాలుగు మాటలు, పన్నెండు మాత్రలు. గొప్ప కవిత్వం అనడానికి లేదు గానీ, ఒకటో తరగతి పిల్లవాడి చేత రెండుసార్లు చెప్పిస్తే మూడోసారి వాడే చెప్తాడు. పచ్చగా ఉందని చెప్పడం మానేసి చీర కట్టించడంతో బొమ్మ వేసేవాళ్లకూ పని దొరికింది. ఇది చిన్న విషయం కాదు. పిల్లల పేజీలో బొమ్మ లేని గేయం దాదాపు ఉండదు కాబట్టి, బొమ్మకు ఏమీ ఇవ్వని గేయం సగం ఓడిపోయినట్టే.

నాలుగు మాత్రల నడక, చతురశ్ర గతి, ఇంకొంచెం నిదానంగా, ఊయల ఊగినట్టు ఉంటుంది:

గునుగులు తెద్దాం గుట్టలు ఎక్కి
తంగెడు తెద్దాం చెట్టుకు మొక్కి
పళ్లెం నిండా పువ్వులు పేర్చి
వాకిట పెడదాం పాటలు నేర్చి

పంక్తిలో నాలుగు మాత్రల మాటలు మూడు, చివర మూడు మాత్రల మాట ఒకటి. ఆ చివరి మూడు తర్వాత మిగిలిన ఒక్క మాత్ర పిల్లవాడు ఊపిరి తీసుకోవడానికి. నాలుగు పంక్తుల్లోనూ అదే జాగలో ఊపిరి దొరుకుతుంది. చివరి పంక్తి మొత్తం నిండిపోయి ఖాళీ లేకపోతే పాడేవాళ్లు తెలియకుండానే ఒక అక్షరం మింగేస్తారు.

ఇందులో చంపకమాల, ఉత్పలమాల నేర్చుకోవలసిన కష్టమేమీ లేదు. ఛందస్సు పుస్తకం తెరవకుండా కూడా పరీక్ష పెట్టవచ్చు. గేయం ఎప్పుడూ చూడని మనిషి చేతికి కాగితం ఇచ్చి పైకి చదవమనాలి. రాసినవాళ్లు చదివితే లాభం లేదు. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తొందరగా పోవాలో వాళ్లకు ముందే తెలుసు కాబట్టి కుంటే పంక్తిని కూడా గొంతుతో నిలబెట్టేస్తారు. బడిలో సూపర్‌హిట్ అయిన గేయం పత్రికలో ఎందుకు నిలవలేదో చాలావరకు ఇక్కడే తెలిసిపోతుంది. బడిలో సారు గొంతు ఉంది, పత్రికలో లేదు.

చివర ప్రాస మరీ సులువు

తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. కాబట్టి ఏ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టినా ‘వచ్చింది, పోయింది’, ‘ఆడాడు, పాడాడు’, ‘నాటుదాం, కాపాడుదాం’ అని ప్రాస దానంతటదే పడుతుంది. ఇంత చవకగా దొరికేది చెవికి ఆనదు. పదిమంది రాసిన పది గేయాల్లోనూ అదే ‘దాం దాం’ మోగుతుంటే చదివే సబ్ ఎడిటర్‌కు ఏది ఎవరిదో గుర్తుండదు.

క్రియతో ప్రాస వేయకూడదని దీని అర్థం కాదు. ‘కట్టె, పుట్టె’ కూడా క్రియలే. కానీ అక్కడ కలిసింది ధాతువులోని ‘ట్ట’, తోక ఒక్కటే కాదు. తోక మాత్రమే కలిస్తే నీరసం, మాట నడుము కలిస్తే బలం. ‘ఎక్కి, మొక్కి’, ‘పేర్చి, నేర్చి’ జంటల్లో కూడా ఇదే సంగతి. ఇంకో రెండు పంక్తులు:

వాన కురిసె వాగు పొంగె
చేప చూసి కొంగ వంగె

ఇక్కడ ‘పొంగె, వంగె’ జంటకు మధ్యలో ‘కొంగ’ తోడైంది. పైగా ఈ రెండు పంక్తుల్లో ఒక్క ఒత్తు కూడా లేదు. గుణింతాలు వచ్చి ఒత్తులు ఇంకా కుదరని పిల్లలకు సొంతంగా చదువుకోగల గేయాలు దొరకడం కష్టం. ఒత్తుల్లేని గేయం అని పైన ఒక మాట రాసి పంపితే సంపాదకులు దాన్ని తప్పకుండా ఇంకోసారి చూస్తారు. ‘పర్యావరణ సంరక్షణ’ అని మొదలుపెట్టి చిన్నారుల గేయమని పంపేవాళ్లు పిల్లలను దృష్టిలో పెట్టుకోలేదని మొదటి పంక్తికే తెలిసిపోతుంది.

మాటలో మాట. తెలుగు పద్యానికి పాత ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న పాలకుర్తి పేరుతో ముడిపడ్డ పాల్కురికి సోమనాథుడి ద్విపద (రెండేసి పాదాల పద్యం) కూడా ఆ రెండో అక్షరం కట్టు మీదే నడిచింది. ఆ పక్కనే ఉన్న బమ్మెర పోతన పద్యాలు పామరుల నోట్లో కూడా నిలవడానికి పాదాల చివర మోగే అంత్యప్రాసలు ఒక ముఖ్య కారణం. రెండూ తెలిసిన ప్రాంతం ఇది. పిల్లల గేయంలో అంత్యప్రాసకు తోడు, పైన ‘గునుగులు, గుట్టలు’ అన్నట్టు పంక్తిలో ఒకే అక్షరం రెండుచోట్ల మొదలైతే నాలుకకు పట్టు దొరుకుతుంది. అట్లాగని ప్రతి పంక్తిలోనూ అన్నీ పెట్టాలని చూస్తే అర్థం గాలికి పోతుంది. ప్రాస కోసం తెచ్చిన మాట ఎప్పుడూ దొరికిపోతుంది. కుక్క గేయంలో ముక్కు, చెక్క, చుక్క అన్నీ వచ్చి కుక్క ఏం చేసిందో మాత్రం తెలియకపోవడం పిల్లల పేజీలకు కొత్తేమీ కాదు.

దిద్దుబాటులో చెడిపోయేది

గేయం ఎంపికైన తర్వాత కూడా ఒక గండం ఉంది. ‘మక్క కంకి’ని డెస్కు మీద ఎవరో ‘మొక్కజొన్న కండె’గా మార్చారనుకోండి. అర్థం ఒక్కటే. మాత్రలు మాత్రం ఆరుకు బదులు తొమ్మిదయ్యాయి. మొదటి పంక్తిలో అది రెండుసార్లు వస్తుంది కాబట్టి పన్నెండు మాత్రల పంక్తి పద్దెనిమిదికి పోయింది. కింది పంక్తులు పన్నెండు దగ్గరే ఉన్నాయి. ‘తంగెడు’ను ‘తంగేడు’ చేస్తే నాలుగు మాత్రలు ఐదవుతాయి. అంత చిన్న దిద్దుబాటుకే ఊయల కుదుపుతో ఆగుతుంది. అచ్చులో చూసిన పాఠకుడు రాసినవాళ్లకే లెక్క రాదనుకుంటాడు.

వాడుక మాటల కోసం కాళోజీ లాంటివాళ్లు గొంతెత్తిన గడ్డ ఇది. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని రాష్ట్రం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతోంది కూడా. అయినా బాలగేయం దగ్గరికి వచ్చేసరికి చాలామంది రచయితలు డెస్కు దాకా పోకుండానే తమ మాటలను తామే దిద్దుకుంటున్నారు. బర్రె గేదె అవుతుంది, సోపతి స్నేహం అవుతుంది, అంగడి సంత అవుతుంది. పుస్తకం మాటలు కొన్నిచోట్ల నడకకు నప్పుతాయి, కొన్నిచోట్ల నప్పవు. తేల్చాల్సింది మాత్ర, మొహమాటం కాదు. వేరే ప్రాంతం పిల్లలకు తెలియదన్న భయం ఉంటే గేయం కింద ఒక చిన్న పంక్తిలో అర్థం ఇస్తే సరిపోతుంది. గేయంతో పాటు ‘మాత్రల లెక్క కోసం ఈ రూపాలు వాడాను, మార్చవద్దని మనవి’ అని సంపాదకుడికి ఒక్క వాక్యం రాయడంలో తప్పు లేదు. మంచి డెస్కు దాన్ని పొగరుగా తీసుకోదు, పని తెలిసిన మనిషిగా లెక్కేస్తుంది.

కాకపోతే యాస పేరుతో ప్రతి మాటకూ యాస పూసి పంపడం కూడా అంతే బెడద. గేయంలో ఒక్క ‘మక్క కంకి’ ఉంటే అది మక్క కంకే. ఎనిమిది పంక్తుల్లో ఇరవై యాస మాటలు దూరిస్తే అది వేదిక మీద నవ్వించే మిమిక్రీ అవుతుంది.

దేని మీద రాయాలి, ఎప్పుడు పంపాలి

చెట్లు నాటమని, నీళ్లు పొదుపు చేయమని, అమ్మానాన్న మాట వినమని, సెల్‌ఫోన్ పట్టుకోవద్దని చెప్పే గేయాలు కుప్పలుగా వస్తాయి. అవి చెడ్డ విషయాలని ఎవరూ అనరు. పిల్లలకు అవి రోజూ ఇంట్లో, బడిలో వినిపించేవే, గేయంలో కూడా అదే వినాలా? నీతి చెప్పే గేయంలో మాట్లాడేది పెద్దమనిషి. పిల్లవాడి కళ్లతో చూసే గేయంలో చీమ ఉంటుంది, చిరిగిన గాలిపటం ఉంటుంది, కాజీపేట జంక్షన్‌లో ఎటు పోతాయో తెలియని రైలు పట్టాలుంటాయి. ఉత్తర తెలంగాణలో ఇట్లాంటి వస్తువులకు కరువు లేదు. సిరిసిల్లలో పగలూ రాత్రీ ఆగని మరమగ్గాల చప్పుడుకు దాని తాళం దానికి ఉంది. నీళ్లలో వేస్తే తేలేంత తేలికైన ఇటుకలతో రామప్ప గుడి శిఖరం కట్టారన్నది పిల్లలకు కథ కంటే వింత. నిర్మల్ కొయ్యబొమ్మలు, చేర్యాల నకాశీ బొమ్మలు, సింగరేణి గనుల్లో నేల లోపలికి దిగే నాన్న, అడవి అంచు ఊళ్లలో ఎండాకాలం దొరికే తునికి పండ్లు, సంక్రాంతికి నేల మీద బట్ట పరిచి చుట్టే సకినాలు. ఇవన్నీ ఉండగా గేయంలో గులాబీ, నెమలి, ఇంద్రధనుస్సు మాత్రమే ఎందుకు తిరుగుతుంటాయో అంతుబట్టదు.

సమయం సంగతి ఇంకా ముఖ్యం. బతుకమ్మ గేయం పండగ మొదలయ్యే ఎంగిలిపూల నాడు పంపితే అది వచ్చే ఏడాదికి పంపినట్టే. మాసపత్రిక సంచిక నెలకు ముందే దాదాపు సిద్ధమవుతుంది. ఆదివారం పుస్తకం కూడా ఆదివారానికి చాలా రోజుల ముందే అచ్చుకు పోతుంది. పండగ గేయాన్ని మాసపత్రికకు రెండు నెలల ముందు, వారపు అనుబంధానికి మూడు నాలుగు వారాల ముందు పంపితే చూసే తీరిక ఉంటుంది. జూన్‌లో బడులు తెరిచే వేళకు బడి గేయం కావాలంటే ఏప్రిల్‌లో కూర్చోవాలి. నవంబర్ 14కు దసరా సెలవుల్లోనే పంపాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి ఆ గేయం తప్పిపోతే రెండేళ్లు ఆగాలి. అందరూ రాసే పండగల మీద పోటీ ఎక్కువ. మృగశిర నాటి చేపల మీద, కొత్త నోటుబుక్కుకు అట్ట వేయడం మీద, పరీక్షల టెన్షన్ మీద వచ్చే గేయాలు తక్కువ కాబట్టి పోటీ కూడా తక్కువ.

పంపే పద్ధతి

ఇందులో చెప్పడానికి పెద్దగా లేదు, కానీ తేలేదీ మునిగేదీ కొన్నిసార్లు ఇక్కడే. చాలా పత్రికల పేజీలు ఇప్పటికీ ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లలో తయారవుతాయి. రచయిత, ఫోన్లలో మామూలుగా టైపయ్యే యూనికోడ్‌లో పంపితే అక్కడ మారుస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు, సున్నలు అక్కడక్కడ తారుమారవుతాయి. అందుకే టైపు చేసిన ఫైలుతో పాటు అదే గేయం పీడీఎఫ్ ఒకటి జత చేస్తే, అనుమానం వచ్చిన చోట వాళ్లు చూసుకోగలుగుతారు. చేతిరాత కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్ చేస్తే కొత్తగా టైపు చేసే ఓపిక అన్నిచోట్లా ఉండదు. మెయిల్‌కు ఒక గేయం, మహా అయితే మూడు. పది గేయాలు ఒకేసారి వస్తే ఏదీ నిదానంగా చదవరు.

సొంత రచన, అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెవరి పరిశీలనలోనూ లేదు అని రాసిచ్చే హామీపత్రం చాలామందికి ఒక లాంఛనం. దాన్ని తేలిగ్గా తీసుకున్నందుకు పేరు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఫేస్‌బుక్‌లో పెట్టిన గేయాన్ని కూడా కొన్ని పత్రికలు అచ్చయిన దాని కిందే లెక్కేస్తాయి. వాట్సాప్ కవుల గ్రూపుల వల్ల వచ్చిన పెద్ద నష్టాల్లో ఇదొకటి. ఉదయం రాసినది మధ్యాహ్నానికి గ్రూపులో పెట్టడం, సాయంత్రానికి ‘అద్భుతం సార్’లు, రాత్రికి రంగుల ప్రశంసాపత్రం. పాల్గొన్న అందరికీ పత్రం వచ్చే చోట ఏ పంక్తి కుంటిందో చెప్పే మనిషి ఉండడు. ఆ గేయమే తర్వాత పత్రికకు పోతుంది, మౌనం వస్తుంది, కోపం పత్రిక మీదికి మళ్లుతుంది.

జవాబు కోసం ఎంతకాలం చూడాలన్నది ఆ పత్రిక ముందే చెప్పి ఉంటే అంతకాలం, చెప్పకపోతే మూడు నెలలు అనుకోవడం సబబు. తర్వాత ‘ఉపసంహరించుకుంటున్నాను’ అని ఒక మెయిల్ పెట్టి ఇంకో చోటికి పంపుకోవచ్చు. ఫోన్ చేసి అడగడం వల్ల ఎంపికైన గేయం అరుదు. పారితోషికం విషయంలో ఆశ తక్కువ పెట్టుకోవడమే మంచిది. ఇచ్చే చోట కూడా కథకు ఇచ్చినంత గేయానికి ఉండదు. ఎనిమిది పంక్తులకు పడ్డ శ్రమ నాలుగు పేజీల కథకు తక్కువేమీ కాదని లెక్కల విభాగానికి చెప్పినా ప్రయోజనం లేదు.

అచ్చయిన తర్వాత

ఉత్తర తెలంగాణలో బాలగేయం పట్టుకుని దూరం పోయినవాళ్లు లేకపోలేదు. సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాలసాహిత్య పురస్కారం తెలుగులో 2017లో వాసాల నర్సయ్యకు, 2022లో పత్తిపాక మోహన్‌కు వచ్చింది. ఇద్దరూ ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి వచ్చినవాళ్లే. పత్రికల్లో అచ్చయిన గేయాలు ముప్పై నలభై పోగైతే పుస్తకం చేయాలనిపించడం సహజం. అక్కడ హక్కుల ప్రశ్న వస్తుంది.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా కాకుండా బయటి నుంచి రాసి పంపిన గేయం మీద హక్కు రాసినవాళ్లదే. పత్రికలో అచ్చయినంత మాత్రాన అది చేతులు మారదు. హక్కు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా సంతకం ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్కేస్తారు. కొన్ని పత్రికల హామీపత్రాల్లో సర్వహక్కులూ పత్రికవే అన్న వాక్యం ఒకటి చివర ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం పెడతారు. పుస్తకం వేసుకునే హక్కు తమకు ఉండాలనుకుంటే ఆ మాట సంతకానికి ముందే అడగాలి. అడిగితే చాలా పత్రికలు అభ్యంతరం చెప్పవు, ఫలానా సంచికలో వచ్చిందని పుస్తకంలో వేయమంటాయి, అంతే.

పిల్లలు రాసిన గేయాలకూ ఇదే చట్టం. తెలంగాణ సర్కారు బడుల్లో పిల్లల రచనలను సంకలనాలుగా తెస్తున్న టీచర్లు చాలామంది ఉన్నారు. పత్రికలు కూడా పెద్దల గేయం కంటే పిల్లల గేయానికే ముందు జాగ ఇస్తాయి. ఆ జాగ కోసం సారు తన గేయాన్ని ఏడో తరగతి పిల్ల పేరు మీద పంపడం, లేదా ఆ పిల్ల రాసిన నాలుగు పంక్తులను గుర్తు పట్టలేనంతగా దిద్ది పంపడం బయటికి చెప్పుకోని సంగతి. పిల్లల పంక్తుల్లో మాత్ర తప్పితే తప్పనీ, ఎక్కడ తప్పిందో చప్పట్లు కొట్టించి వాళ్లకే వినిపించి, మార్చే పని వాళ్లకే వదిలేస్తే పేరు కింద ఉన్న గేయం నిజంగా ఆ పేరుదే అవుతుంది. పంపేటప్పుడు పిల్ల పేరు, తరగతి, బడి, ఊరు రాసి, తల్లిదండ్రులను ముందే అడిగి, ఫోన్ నంబరు మాత్రం టీచరుది ఇవ్వాలి. పారితోషికం వస్తే అది ఎవరి ఖాతాలో పడాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.